లీసా ఇండియా: మెట్టసాగునకు తోడుగా వచ్చిన యొక పత్రిక

వ్యవసాయ పత్రికలు మన దేశమున ఎన్నియో పుట్టినవి, ఇంకను పుట్టుచున్నవి. వానిలో పదియేండ్లు నిండినవి తక్కువ. పాతికేండ్లు నిండినవి వ్రేళ్ళపై లెక్కింపదగినవి. పంట పోయిన యేట రైతు చందా పంపలేడు. పంట పండిన యేట చదువుటకు తీరిక యుండదు. ఇట్టి చిక్కుల నడుమ 1999వ సంవత్సరము మొదలుకొని బెంగుళూరునుండి మూడు నెలల కొకమారు వెలువడి పాతిక సంపుటములను నింపుకొనిన పత్రిక యొకటి కలదు. దాని పేరు 'లీసా ఇండియా'. అది ఇంగ్లీషున బయలుదేరి, పిమ్మట తెలుగు, కన్నడము, తమిళము, హిందీ మొదలగు భాషలలోను సంచికలను వెలువరించినది. నల్లమాడ ప్రాంతపు మన సభ్యులలో దీని పేరు విన్నవారు కొందఱే. కాని ఇందలి సంగతులు మాత్రము పేరు చెప్పకయే పలువురి పొలములకు చేరినవి. అది యెట్లో ఈ వ్యాసమున తెలుపుదుము.

'లీసా' అనునది ఐదు ఇంగ్లీషు పదముల తొలి యక్షరముల కూర్పు. దాని తాత్పర్యమేమనగా, వెలుపలినుండి సొమ్మిచ్చి తెచ్చు వస్తువులను తగ్గించి, నేల సత్తువ చెడకుండ, తరతరములకు సాగు నిలుచునట్లు చేయు వ్యవసాయము. ఇందు 'తగ్గించి' అను మాటను సభ్యులు గమనింపవలెను. 'పూర్తిగ మాని' అని లేదు. ఎరువుల బస్తాను ఇంటికి తేరాదని ఈ పత్రిక శాసింపలేదు. ముందు మీ దొడ్డిలోని పెంటను, గట్టుమీది ఆకును, ఇంటి విత్తనమును వాడి చూడుడు, చాలనిచో పిమ్మట దుకాణమునకు పొండని చెప్పినది. రసాయనములన్న చెవులు మూసికొనువారికిని, రసాయనములు లేనిదే గింజ పండదను వారికిని ఈ మధ్యమార్గము రుచింపలేదు. మాకు మాత్రము ఇదియే మెట్టరైతు మనస్సునకు దగ్గఱగా తోచినది. అప్పు చేయక సేద్యము సాగునట్టి త్రోవ ఏదైనను అతడు ఆలకించును.

ఈ పత్రిక పూర్వోత్తరములు కొంచెము దూరదేశమునకు పోవును. హాలెండు దేశమున లూస్డెన్ అను చిన్న పట్టణమందు 1982లో 'ఇలియా' అను సంస్థ యేర్పడి, 1984లో నొక చిన్న వార్తాపత్రికను ప్రారంభించెను. నీటివసతి గల మాగాణులకు హరితవిప్లవమని పేరొందిన పద్ధతులు పనికివచ్చినవి గాని, వాననమ్ముకొని బ్రతుకు కోట్లకొలది రైతులకు అవి యంతగా అక్కఱకు రాలేదని గుర్తించి, అట్టి రైతులే స్వయముగ కనిపెట్టుకొన్న ఉపాయములను పోగుచేసి ప్రకటించుట ఆ పత్రిక యుద్దేశము. క్రమముగ పెరూ, సెనెగల్, బ్రెజిల్ మొదలగు దేశములందును దీనికి సోదర పత్రికలు వెలసినవి. మన దేశమున ఆ భారమును వహించినది బెంగుళూరులోని ఏ.ఎమ్.ఇ. ఫౌండేషను. వ్యవసాయము, మనుష్యుడు, పరిసరము అను మూడు మాటలు ఆ పేరున నిమిడియున్నవి. హాలెండు పత్రిక 2009లో పేరు మార్చుకొన్నది. 2020 నాటికి ఆ సంస్థయే లేకపోయినది. మఱ్ఱికొమ్మ ఊడ దిగి నేలను పట్టుకొన్న తరువాత మొదలు పోయినను బ్రతుకునట్లు, బెంగుళూరు శాఖ తన కాలిమీద తాను నిలిచినది.

హాలెండు వంటి నీటి దేశమున పుట్టిన తలంపు మన మెట్టకు ఏమి సరిపడునని సభ్యులు అడుగవచ్చును. పాత అనంతపురము జిల్లాకు సాలీనా సగటు వర్షము ఇంచుమించు 550 మిల్లీమీటర్లు, అనగా రమారమి 22 అంగుళములు. అదియైనను పైరు అడిగినప్పుడు పడదు. నాలుగు గట్టి వానలలో సగము కురిసి, మిగిలిన దినములందు మేఘములు మొగము చూపి పోవును. 2022లో మన మండలము శ్రీ సత్యసాయి జిల్లాలోనికి వచ్చినది గాని, వాన మాత్రము పాత జిల్లా లెక్కనే కురియుచున్నది. నేలయా, ఎఱ్ఱ గరపనేల. పలుచోట్ల జానెడు లోతునకే రాయి తగులును. ఇట్టి భూమిలో మన పెద్దలు కొఱ్ఱ, సజ్జ, జొన్న, కంది, అనుము, అలసంద, ఆముదము కలిపి చల్లెడివారు. ఒకటి పోయిన నొకటి మిగిలెడిది. 1986లో కేంద్ర ప్రభుత్వము నూనెగింజల కొఱకు ప్రత్యేక ప్రయత్నము నారంభించిన పిమ్మట వేరుసెనగకు ధరయు, ఆదరమును హెచ్చినవి. కొంతకాలమునకు జిల్లాలో ఆ యొక్క పైరే ఏడెనిమిది లక్షల హెక్టారులలో పఱచుకొన్నది. కొండమీద నిలిచి చూచిన దృష్టి పాఱినంత మేర ఒకే పచ్చదనము. చూచుటకు అందము, తెగులునకు విందు.

ఆ విందు 2000వ సంవత్సరపు ఖరీఫునందు జరిగినది. అప్పుడు మేము విద్యార్థిదశలో నుంటిమి. మొలచిన నెలదినములకే వేరుసెనగ లేత ఆకులు మాడి, కాండము నల్లబడి, మొక్కలు గుంపులు గుంపులుగ చచ్చినవి. జిల్లాలో ఇంచుమించు 2,25,000 హెక్టారుల పైరు దెబ్బతినెను; నష్టము 300 కోట్ల రూపాయలకు పైబడెనని లెక్కవేసిరి. ఇది కాండము కుళ్ళు వైరసు తెగులనియు, పొగాకు మొదలగువానికి పట్టు వైరసు జాతికి చెందినదనియు పటాన్‌చెరువులోని ఇక్రిశాటు శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. అది వ్యాపించు విధము వినదగినది. మన గట్లమీదను, బీళ్ళలోను, దారుల ప్రక్కలను తెల్లని పూలు పూయు వయ్యారిభామ మొక్కలో ఈ వైరసు చేరియుండును. మొక్క మాత్రము జబ్బుపడినట్లు కనబడదు. దాని పుప్పొడి తామరపురుగుల మేనికి అంటుకొని వేరుసెనగ మీదికి వచ్చును. పురుగు ఆకును గీకి రసము పీల్చినప్పుడు, ఆ గాయముగుండ పుప్పొడిలోని వైరసు మొక్కలోనికి దిగును. అనగా శత్రువు చేనిలో లేడు, గట్టుమీద పూయుచున్నాడు.

దీనికి కనుగొన్న నివారణోపాయములలో మందుడబ్బా కంటె ముందు రెండు సామాన్యపు పనులు కలవు. వయ్యారిభామను పూతకు రాకమునుపే పెఱికివేయుట యొకటి. చేని చుట్టును సజ్జ గాని జొన్న గాని నాలుగు వరుసలకు తక్కువ గాకుండ దట్టముగ విత్తుట రెండవది. గాలిలో కొట్టుకొనివచ్చు తామరపురుగులు ఆ యెత్తైన పైరుకు తగులుకొని లోనికి పోజాలవు. మన తాతలు చేనిచుట్టును జొన్నసాళ్ళు వేయుచుండిరిగదా; అది పశువుల మేతకని తలచితిమి. మేతయు దొరకినది, కావలియు దొరకినది. ఇట్టి సంగతులను కారణసహితముగ రైతునకు విప్పి చెప్పుటయే లీసా పత్రిక చేసిన పని. 'సరిహద్దు పంట వేయుడు' అని కరపత్రమున నొక పంక్తి అచ్చువేసిన ఎవరును వేయరు. పురుగు ఎటనుండి వచ్చునో, ఏల ఆగునో తెలిసిన రైతు తనంతట తానే వేయును. తన చేనికి నాలుగు వరుసలు చాలునో, ఆఱు కావలయునో గూడ తానే తేల్చుకొనును.

మఱియొక యుదాహరణము చెప్పవలసియున్నది. అది సహకార సంఘమువారికి మఱింత ముఖ్యము. ఎఱ్ఱ గొంగళిపురుగు మనకు క్రొత్త గాదు. తొలకరి పెద్దవాన పడిన పిమ్మట భూమిలోని ప్యూపాలనుండి రెక్కల పురుగులు బయటికి వచ్చి, ఒక్కొక్క ఆడుది వందలకొలది గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు గుంపుగ నొక ఆకుమీద నున్నప్పుడు ఆకుతోసహా గిల్లి నాశనము చేయుట సులభము. ఒడలినిండ రోమములు మొలచి, పెరిగి, దండుగట్టి చేనినుండి చేనికి నడచునప్పుడు ఏ మందును సరిగ పనిచేయదు. 1980ల చివరినుండి తెలుగునాట కొన్ని స్వచ్ఛంద సంస్థలు మందులు లేకయే దీనిని అదుపుచేయు పద్ధతిని ఊరూర పరీక్షించినవి. వేసవిలో లోతుగ దున్ని ప్యూపాలను ఎండకును పక్షులకును ఒప్పగించుట. వాన పడిన దినములలో చీకటి పడగానే పొలములందు మంటలు వేసి రెక్కల పురుగులను రప్పించి కాల్చుట. నడుమ నడుమ అలసంద సాళ్ళు విత్తి గ్రుడ్లను అచ్చటనే ఏఱివేయుట. దండు వచ్చు దిక్కున చాలు త్రవ్వి అందు జిల్లేడు కొమ్మలు, అడవి ఆముదపు కొమ్మలు పఱచి, వానికై దిగిన పురుగులను పూడ్చుట. ఇవి ఆ పద్ధతిలోని అంగములు.

ఇందు ఖర్చు స్వల్పము. కష్టము వేఱొకచోట నున్నది. ఊరిలో పదిమంది మంట వేసి పదునొకండవవాడు వేయనిచో, వాని చేనిలో పొదిగిన పురుగు పదిమంది చేలను మేయును. మందు కొట్టుట ఒంటరి పని. ఎవని చేనిలో వాడు కొట్టుకొనును. మంట వేయుట ఊరిపని. మన సంఘము అప్పు లిచ్చుటకు, ఎరువు తెచ్చుటకు మాత్రమే కూడినదని తలచువారికి ఇది క్రొత్తగ తోచవచ్చును గాని, ఒకే రాత్రి ఊరెల్ల మంట వేయించుట కంటె సహకారమునకు మంచి పరీక్ష మాకు కనబడదు. ఖమ్మము జిల్లా పునుకుల గ్రామమున మందు దుకాణపు అప్పులలో మునిగిన ప్రత్తిరైతులు 2000వ సంవత్సరపు తరువాతి తొలియేండ్లలో ఊరెల్ల నొక్కటియై పురుగుమందులను విడిచిపెట్టిన సంగతి సుప్రసిద్ధము. ఆ కథయు ఒక్క రైతు కథ గాదు.

రైతు చెప్పినదానిని శాస్త్రజ్ఞుడు చెప్పినదానితో సమానముగ అచ్చువేయుట ఈ పత్రిక ప్రత్యేకత. ఏ.ఎమ్.ఇ. ఫౌండేషనువారు దక్కను మెట్టలలో వేరుసెనగ రైతులతో కలసి, ఏ పద్ధతి పరీక్షింపవలెనో రైతుచేతనే ఎన్నుకొనజేసి, ఫలితమును రైతుచేతనే కొలిపించు మార్గమును అనుసరించిరి. వరిలో పురుగుల యదుపుకొఱకు 1989లో ఇండోనీషియాలో మొదలైన రైతుల క్షేత్ర పాఠశాల పద్ధతి, మన యొద్ద 'పొలంబడి' యను పేరున వచ్చినది, ఇదే దారిలోనిది. రైతులు వారమున కొకమారు ఉదయమే పొలమున దిగి, మొక్క యెత్తును, మేలుచేయు పురుగులను, కీడుచేయు పురుగులను లెక్కించి, కాగితముపై బొమ్మ గీసి, మందు కొట్టవలెనా వలదా యని తర్కించి నిర్ణయించుకొందురు. ప్రదర్శకులమైన మాకు దీనివలన కొంత గౌరవలోపము కలిగినదని మాలో కొందఱు మొదట నొచ్చుకొనిరి. మునుపు మేము చెప్పుట, వారు వినుట. ఇప్పుడు వారు లెక్కచెప్పుట, మేము వ్రాసికొనుట. మా మట్టుకు మాకు ఈ మార్పు మేలే చేసినది. సాలెపురుగు ఏమేమి తినునో మిషను పాఠశాలలో మా ఉపాధ్యాయుడు బల్లమీద వ్రాసి నేర్పెను గాని, ఎన్ని తినునో చూపినవారు రైతులే.

ఈ పత్రికలో మేము ముందుగ విప్పిచూచు పుట నారాయణరెడ్డిగారి శీర్షిక. ఎల్. నారాయణరెడ్డిగారు దొడ్డబళ్ళాపురము సమీపమున మారేనహళ్ళిలో సాగుచేసిన కర్షకులు. మొదట వారును రసాయనపు ఎరువులతోనే సేద్యము చేసి మంచి దిగుబడులు తీసిరి. కాని జమాఖర్చులు వేసి చూచుకొనగా దిగుబడి యెక్కువ, మిగులు తక్కువ యని తేలినది. పిమ్మట జపాను దేశీయుడగు మసనోబు ఫుకువోకా వ్రాసిన గ్రంథముచే ప్రభావితులై త్రోవ మార్చిరి. ఆ ఫుకువోకా గ్రంథము 1975లో జపానుభాషలోను, 1978లో ఇంగ్లీషునను వెలువడి, 'గడ్డిపరకతో విప్లవము' అను పేర తెలుగునకును వచ్చినది; గ్రంథకర్తకు 1988లో మెగసేసే బహుమానము లభించెను. ఫుకువోకా చెప్పిన 'ఏమియు చేయని' సేద్యము వాన సమృద్ధిగ గల జపానునకు చెల్లును గాని, అక్షరాల అట్లే మన మెట్టకు చెల్లదని మా యభిప్రాయము. నారాయణరెడ్డిగారి విశేషమేమనగా, వారు దానిని మన దక్కను ఎండకు తగినట్లు మలచిరి. గట్టుమీద చెట్టు, చెట్టుక్రింద ఆకు, ఆకుక్రింద తేమ, తేమలో వానపాము, ఇట్లు ఇంటివాడు ఇరుగువానితో మాటలాడునట్లు వ్రాసిరి. వారు 2019 జనవరిలో పరమపదించిరి. ఆ శీర్షిక లేని సంచికను విప్పినప్పుడెల్ల ఏదో కొఱత తోచును.

ఈ కుటుంబమునకు చెందిన పత్రికల వలన ఒక వార్త ఎంతదూరము పోగలదో చూపుటకు 'శ్రీ' వరి యుదాహరణము చాలును. మడగాస్కరు ద్వీపమున ఆన్రీ ద లొలానియే అను జెసూట్ మతగురువు బీదరైతుల నడుమ ఏండ్లకొలది శ్రమపడి, 1983లో లేత నారును ఎడముగ నాటు పద్ధతిని కనుగొనెను. ఎనిమిది మొదలు పండ్రెండు దినముల నారు, మొక్కకు మొక్కకు 25 సెంటీమీటర్ల యెడము, ఎకరమునకు రెండు కిలోల విత్తనము. నీరు నిలువగట్టక తడి మాత్రము చేయుట. హాలెండు పత్రిక 1999 డిశెంబరు సంచికలో మడగాస్కరు అనుభవము ప్రకటితమైనది. మన రాష్ట్రమున డాక్టరు ఆలపాటి సత్యనారాయణగారు వ్యవసాయ విశ్వవిద్యాలయము పక్షమున 2003 ఖరీఫున రైతుల పొలములలో దీనిని పరీక్షింపజేసిరి. నల్లమాడలో వరి చెఱువు నిండిన యేటి ముచ్చటయే గనుక ఇంతకంటె విస్తరింపము.

ఇక లోపములు. పొగడ్తయే వ్రాసిన సభ్యులు నమ్మరు, నమ్మవలసినదియు గాదు. మొదటిది, ఈ పత్రికలో గెలిచిన కథలు ఎక్కువ, ఓడిన కథలు తక్కువ. ఎరువుకుప్ప వేసి, కషాయము కాచి, రెండేండ్లు చేసి విసిగి మానిన రైతు మన ప్రాంతమున గలడు. అతడేల మానెనో తెలిసిన మనకు గెలిచినవాని కథకంటె ఎక్కువ యుపకారము. రెండవది, కూలి లెక్క. బయటినుండి తెచ్చు సరకు తగ్గినచోట ఇంటి మనుష్యుల పని పెరుగును. పేడ మోయుట, ఆకు దంచుట, గ్రుడ్లు ఏఱుట, వీనిలో అధికభాగము ఆడువారి వీపుమీద పడును. ఖర్చు మిగిలెనని వ్రాయునప్పుడు ఆ పనిదినములను గూడ వరుసలో చేర్చవలదా? కొన్ని వ్యాసములు చేర్చినవి, పెక్కు చేర్చలేదు. మూడవది, తెలుగు సంచికలోని భాష. ఇంగ్లీషు వాక్యమును విఱిచి తెనిగించినచోట్ల మాకే రెండుమార్లు చదువవలసివచ్చినది. గుంటక, గొఱ్ఱు, కడెము అను మాటలు తెలిసిన రైతుచేత నొకమారు చదివించియుండిన ఈ లోపము తీరియుండును.

పత్రికలో చదివినది కన్నుల చూడగోరువారు చాల దూరము పోనక్కఱలేదు. చెన్నేకొత్తపల్లి ప్రక్కను 1990లో మొదలైన తింబక్తు కలెక్టివువారు 32 ఎకరముల చవిటి బీడును కొని, చెట్టును పుట్టను తిరిగి రానిచ్చి, అక్కడనే ఇండ్లు కట్టుకొని క్రొత్త తీరు జీవనము నారంభించిరి. బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం గార్లు అందు ముఖ్యులు. వారికిని ఫుకువోకా గ్రంథమే ప్రేరణము. చుట్టుపట్ల స్త్రీల పొదుపు సంఘములును, ముష్టికోవిల మొదలగు గ్రామములవారితో కలసి కల్పవల్లి యను వేలయెకరముల సాముదాయిక వనమును వెలసినవి. 2008లో 'ధరణి' యను రైతుల సహకార సంఘము నమోదై, సేంద్రియముగ పండించిన కొఱ్ఱ, సామ, ఆరిక, వేరుసెనగ మొదలగువానిని సేకరించి, శుభ్రపఱచి అమ్మకము సాగించెను. మన సంఘమువారు గమనింపదగినది వారి యాకుపచ్చదనము గాదు, వారి వరుస. ముందు నేల, పిదప గింజ, తుదకు బజారు, మూడును రైతుచేతనే. బజారు లేని సేంద్రియము రెండేండ్లు నిలువదని మా యెఱుక.

ప్రభుత్వమును ఆలస్యముగనైనను ఈ మార్గమునకు వచ్చినది. 2016 ప్రాంతమున ఆంధ్రప్రదేశమున రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయము ప్రచారమునకు వచ్చినది. ఆ కార్యక్రమమునకు 2024లో పోర్చుగలు దేశపు గుల్బెంకియన్ బహుమానములో పాలు లభించెను. అందు మన మెట్టకు ముఖ్యమైనది, వానకు ముందే పలురకముల విత్తనములకు మట్టియు ఎరువును పట్టించి పొడినేలలో చల్లుట. ఇది మన పెద్దల కలగలుపు విత్తనమునకు దాయాది యని చూచిన వెంటనే తెలియును. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల వత్సరముగ ప్రకటించిన పిమ్మట కొఱ్ఱబియ్యము పట్టణపు దుకాణములలో సన్నబియ్యముకంటె ఎక్కువ ధరకు పోవుట చూచి, దానిని బీదవాని కూడని విడిచిన మన యూరివారు నవ్వుకొనుచున్నారు.

మన సంఘపు గదిలో ఈ పత్రిక పాత సంచికల కట్ట యొకటి కలదు. స్థలము చాలలేదు గనుక దానిని పాతకాగితముల వర్తకునకు తూకమునకు ఇచ్చివేయుదమని ఇటీవలి సమావేశమున నొక సూచన వచ్చినది. తీర్మానము వాయిదా పడినది. తూకమునకు వచ్చు సొమ్ము ఒక బస్తా జిప్సమునకైనను చాలదు. విత్తనము, సజీవమైన నేల, చిన్న పశువులు, పురుగుల యదుపు అను విషయములపై ఆ పత్రిక వెలువరించిన సంచికలు నాలుగింటినైన వేఱుచేసి అట్టతో కుట్టించి యుంచవలెనని మేము కార్యవర్గమును కోరుచున్నాము. అమావాస్య నాడు మనవారు కాడి కట్టరు. ఆ దినమున సాయంకాలము ఒక గంటసేపు చదువ నేర్చినవారు చదువగా తక్కినవారు విని, మన నేలకు సరిపడనిదానిని అక్కడికక్కడనే కొట్టివేయవచ్చును.

ఈ సంవత్సరపు విత్తునకు సంబంధించినవఱకు సభ్యులకు మేము తెలుపునది యిది. వయ్యారిభామను మృగశిర కార్తెకు ముందే గట్లనుండి పెఱుకుడు. చేతులకు గుడ్డ చుట్టుకొనుడు, దాని తాకుడు కొందఱకు దురద పుట్టించును. వేరుసెనగ ఏడు సాళ్ళకొకటిగాని పదునొకండు సాళ్ళకొకటిగాని కందిసాలు విడువుడు. లద్దెపురుగునకు ఎరగా అక్కడక్కడ ఆముదపు గింజలు నాటుడు. చేని చుట్టును జొన్న నాలుగు వరుసలు. పూతదశయందు ఎకరమునకు 200 కిలోల జిప్సము వేయుడు. మంటల కొఱకు కంపయు ఎండుచెత్తయు ఇప్పటినుండియే ప్రతి చేని మూలను కుప్పవేసి యుంచుడు. తొలకరి పెద్దవాన కురిసిన నాటి సాయంకాలము గ్రామచావిడి యొద్ద కూడినచో ఏయే రాత్రులు ఏయే దిక్కున మంట వేయవలెనో అప్పుడే పంచుకొందము. పొలము కౌలునకిచ్చి పట్టణమున నున్న సభ్యులు తమ బదులు ఎవరు మంట వేయుదురో ఆ పేరును గుమాస్తాకు ముందుగ తెలుపవలెను.